గంటకు చేరని మాట

శాంతిరాజ్‌ది మంచి పనితనం, నోరే కాస్త పెద్దది. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో అతని రిపేరు షాపు. డిప్లొమా చదివాడు, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సొంతంగా నేర్చుకున్నాడు, ఆ సంగతి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. టీవీ బాగు చేయించుకుందామని వచ్చిన మనిషికి లినక్స్ ఎందుకో అతనికే తెలియాలి.

వాళ్ల కాలనీలో ప్రార్థన మందిరం ఉంది. మొదటి షిఫ్టుకు బొగ్గు బాయిలోకి దిగేవాళ్ల కోసం అక్కడ తెల్లవారుజామున గంట మోగాలి. అది విని ఇంటింటా ఓ నిమిషం తల వంచుకుని, ఆ తర్వాతే టిఫిన్ డబ్బా సర్దుతారు. గనిలో బొగ్గు ఎత్తి రిటైరైన యేసుబాబు ఏళ్ల తరబడి ఆ గంట తాడు లాగాడు. 2006లో ఆయన భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం మానేసింది.

"ఇగ నువ్వు పండుకో కాకా. నా పెట్టె కొడ్తది గంట" అన్నాడు శాంతిరాజ్. తాడు తీసేసి మోటరు బిగించాడు.

పెట్టెలో ఒక చిన్న బోర్డు, దాంట్లో లినక్స్. షాపులో బ్రహ్మాండంగా పనిచేసింది. బోర్డులో చోటు తక్కువని, మందిరంలో పెట్టేముందు అనవసరమైనవి తీసేసి, లోపలి ఫైళ్ల అమరికను, అంటే ఫైల్ సిస్టమ్‌ను, మళ్లీ కొత్తగా కట్టాడు. లినక్స్‌లో తెరకైనా మోటరుకైనా మాట చేరాలంటే దాని పేరిట డివైస్ ఫైలు ఉండాలి. అతని పద్ధతిలో వాటిని ఒక్కొక్కటిగా చేత్తో సృష్టించాలి, మామూలు ఫైలు పనికిరాదు. కొత్తగా కట్టాక మళ్లీ ఒకసారి మోగించి చూశాడా? లేదు. తన మీద తనకంత నమ్మకం మరి!

మర్నాడు గంట మోగలేదు. చూసి చూసి, డబ్బాలు సర్దుకుని జనం మందిరం ముందుకొచ్చి నిలబడ్డారు. శాంతిరాజ్‌కు తల కొట్టేసినట్టయింది.

"పెట్టెను ఎవరు ముట్టిన్రు?" అని అరిచాడు.

"నేనే బిడ్డా" అన్నాడు యేసుబాబు. "దుమ్ము పట్టిందని గుడ్డతోని తుడిచిన."

"నిన్నెవరు ముట్టుమన్నరు కాకా? గిది తాడు గాదు, కంప్యూటరు! మొత్తం ఖరాబ్ చేసినవ్!"

యేసుబాబు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "తప్పయింది బిడ్డా" అన్నాడు అందరి ముందూ. జనం గంట లేకుండానే డ్యూటీకి పోయారు.

షాపుకు తెచ్చి పెట్టె విప్పితే వైర్లు బాగున్నాయి, మోటరు బాగుంది. చివరికి ఫైళ్లు చూశాడు. మిగతా డివైస్ ఫైళ్లన్నీ చేసి, మోటరుది చేయడం మరిచిపోయాడు. అక్కడ అదే పేరుతో ఒక మామూలు ఫైలుంది. ప్రోగ్రాము మోటరుకు మాట పంపబోయి, అక్కడేమీ లేకపోయేసరికి ఆ పేరుతో తనే ఫైలు పుట్టించి, 'గంట కొట్టు' అన్న మాటను దాంట్లో రాసి ఊరుకుంది. తప్పు జరిగిందని చెప్పనైనా లేదు.

శాంతిరాజ్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ మామూలు ఫైలు తీసేసి ఒక్క వరుస టైపు చేస్తే డివైస్ ఫైలు తయారైంది. తెల్లారి గంట ఖంగుమంది. "పెద్దాయన ఖరాబ్ చేస్తే పిల్లగాడు జల్ది బాగుచేసిండు" అని కాలనీ అంతా మెచ్చుకుంది. కాదని చెప్పాలి గదా? అంత పెద్ద నోరు అప్పుడు పెగల్లేదు.

ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ యేసుబాబు లేచాడు. "నా చెయ్యి చేసిన తప్పును శాంతిరాజ్ సరిచేసిండు. దేవుడు ఆ బిడ్డను దీవించాలె" అన్నాడు. చేతులు వెనకే ఉన్నాయి. జనం ఆమెన్ అన్నారు.

శాంతిరాజ్ ఇక కూర్చోలేకపోయాడు.

"కాక చెయ్యి తగిలి కాలేదు. పెట్టెల చెయ్యాల్సిన పని నేనే మరిచిన. తెలిసి కూడా ఇన్ని దినాలు చెప్పలే" అన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

"నా చెయ్యి గాదా బిడ్డా?" అని యేసుబాబు రెండుసార్లు అడిగి, కళ్లు తుడుచుకున్నాడు.

ఆరాధన ముగిసి అందరూ వెళ్లాక, ఎప్పటిలాగే ఫ్యాను ఆపడానికి ఆయన స్విచ్చు దాకా పోయాడు. పోయి, ఆగాడు. శాంతిరాజ్ వైపు తిరిగాడు.

"ముట్టనా బిడ్డా?"