కృతజ్ఞతల పేజీలో కుర్చీ

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా ఉన్న టైపింగు షాపు ఆవిడను అందరూ థీసిస్ అక్క అంటారు. పద్దెనిమిదేళ్ళలో ఆమె టైపు చేసిపెట్టిన థీసిసులు నూట నలభై. ఆ గేటు లోపల చరిత్రలోనో సాహిత్యంలోనో డాక్టరేటు పుచ్చుకుని, అక్క చేతి కింద నుంచి పోనివాళ్ళు బహు తక్కువ. ఇంతమందిని డాక్టర్లను చేసిన మనిషి తను మాత్రం ఎమ్మే దగ్గరే చతికిలబడింది.

అలాంటి అక్కకు నలభై మూడో ఏట ఓ బుద్ధి పుట్టింది. తనూ పీహెచ్‌డీ చేయాలని. అంశం కూడా మనసులో ఎప్పటినుంచో ఉన్నదే: కోర్టు మెట్ల మీద కూర్చుని, చదువురానివాళ్ళకు అర్జీలు రాసిపెట్టిన పాతకాలపు రాతగాళ్ళు. ఎవరికీ చెప్పకుండా రెండు చోట్ల దరఖాస్తు పెట్టింది. ఎలాగూ రాదన్న ధీమాతోనే పెట్టింది. తీరా చూస్తే రెండు చోట్లా సీటు వచ్చింది. రెండూ రాకపోయి ఉంటే ఓ పూట ఏడ్చి ఊరుకునేది. రెండూ రావడంతో ఏడవడానికి కూడా తీరిక లేకుండా పోయింది.

ఒక సీటు రోడ్డుకు అవతల, షాపులోంచి కిటికీలు కనిపించే చరిత్ర విభాగంలోనే. అక్కడి గైడుకు పిల్లలు పెట్టిన పేరు పెన్సిల్ మేడమ్. రెండోది రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్ద యూనివర్సిటీలో. అక్కడి గైడు పన్నెండు పుస్తకాలు రాసిన పెద్దాయన. ఆయన దగ్గర చేరితే షాపు వదిలేసి, వారానికి ఐదు రోజులు హాస్టల్లో, తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళ మధ్య మంచం వేసుకోవాలి. ఏదో ఒకదానికి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఒప్పుకుంటున్నట్టు తెలపాలి. లేకపోతే రెండూ పోతాయి. మరోసారి దరఖాస్తు పెట్టే ధైర్యం తనకు ఈ జన్మకు రాదని అక్కకు బాగా తెలుసు.

ఇంట్లో సలహా అడిగింది. రక్తపరీక్షల లాబ్‌లో పనిచేసే భర్త, "శాంపిల్ చూడకుండా రిపోర్టు ఎలా ఇస్తాను?" అని తప్పుకున్నాడు.

పదకొండో తరగతి కూతురు మాత్రం ఉత్సాహపడిపోయింది. "హాస్టల్‌కి వెళ్ళమ్మా! ఆదివారాలు చూడ్డానికొస్తాలే. బిస్కెట్లు తెస్తా. ఎవరైనా ఏడిపిస్తే నాకు చెప్పు."

"నోరు మూసుకుని చదువుకో."

"నువ్వు కూడా."

గురువారం పొద్దున షాపు తాళం తీస్తుంటే అక్కకు మెరుపులా ఓ ఉపాయం తట్టింది. లోకంలో ఎవరి దగ్గరా లేని కొలబద్ద తన దగ్గర ఉంది! ప్రతి థీసిసుకూ మొదట్లో ఒక కృతజ్ఞతల పేజీ ఉంటుంది. గైడు ఎలాంటివాడో శిష్యుడు మనసు విప్పి చెప్పుకునేది అక్కడే. షాపు వెనక అలమరలో ప్రతి థీసిసుకూ ఒక కాపీ ఉంది.

నిచ్చెన వేసి దుమ్ము దులిపి దించింది. పెన్సిల్ మేడమ్ శిష్యులవి ఏడు. ఏడింటిలోనూ ఒకే ముక్క: "నా గైడుకు కృతజ్ఞతలు." అంతే. ఏడుగురిలో ఒక్కరికైనా రెండో వాక్యం పెగల్లేదంటే ఆవిడ ఎంత కాల్చుకు తిని ఉండాలి!

పెద్దాయన శిష్యుల్లో ముగ్గురు ఈ ఊరివాళ్ళే. టైపింగుకు సొంతూరు వచ్చారు. మొదటి పేజీలో ఆయన జ్ఞానం సముద్రం. రెండో పేజీలో, "ఆయన మౌనం కూడా నాకు పాఠమే." మూడోది తెరిచేసరికి అక్క చేష్టలుడిగి నిలబడిపోయింది. "ఇక నావల్ల కాదని నేను కూలబడ్డ ప్రతిసారీ, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్న మనిషికి."

అక్క కళ్ళు చెమర్చాయి. చేతికందిన పాత ప్రింటు కాగితంతో ముక్కు చీదుకుంది. ఇరవై ఏళ్ళ క్రితం తన ఎదురుగా అలా ఓ కుర్చీ పడి ఉంటే ఈపాటికి తనూ ఏ కిటికీ వెనకో కూర్చుని ఉండేది కదా అనిపించింది. పెద్దాయనే ఖాయం.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఒప్పుకోలు ఉత్తరం మొదలుపెట్టింది. నాలుగయ్యేసరికి రెండు పేజీలు దాటింది.

"ఇంతకీ ఆయనే ఎందుకమ్మా?" అన్నాడు బైండింగ్ బాబాయ్. షాపు పెట్టిన రోజు నుంచీ వెనక గదిలో అట్టలకు జిగురు రాస్తున్నది ఆయనే.

"అలాంటి గైడు దొరకాలంటే పెట్టి పుట్టాలి బాబాయ్. విను." గొంతు సవరించుకుని మూడో పేజీ చదివింది.

బాబాయ్ బ్రష్షు డబ్బాలో పెట్టాడు. "ఎవరిదది?"

"కళ్ళజోడు పిల్లది. ఆరేళ్ళయింది."

"ఆ పిల్ల రాసిందా?"

"మరెవరు రాస్తారు?"

"నువ్వే రాశావు కదమ్మా."

అక్క నవ్వబోయి ఆగింది.

"మర్చిపోయావా? నాలుగు నెలలుగా గైడు ఫోన్ ఎత్తడం లేదని ఈ బల్ల మీదే తల పెట్టుకుని ఏడ్చింది. మిషను ఆపేసి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నది నువ్వే. మూడు రోజులు కూర్చున్నావు. ఆఖరికి కృతజ్ఞతల పేజీకి ఏమీ తోచడం లేదక్కా అంటే, 'నువ్వు టీ తాగు, నేను రాస్తా' అన్నావు."

అక్క గబగబా రెండోది తిరగేసింది. ఆయన మౌనం కూడా పాఠమే. ఏడాదిపాటు జవాబు రాని శిష్యుడి కోసం ఆ వాక్యం అల్లిందీ తనే. సముద్రం సంగతి అడగనే అక్కర్లేదు. ఆ సముద్రాన్ని అక్క కనీసం పాతికమంది గైడులకు పంచింది.

"మరి మేడమ్ శిష్యులవి, ఈ ఏడూ?" అంది, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"ఆ పేజీలు నిన్ను రాయమని అడగలేదుగా. వాళ్ళే రాసుకొచ్చారు. ఒకడు మాత్రం నీచేత రెండు పేరాలు రాయించుకుని వెళ్ళాడు. ఆవిడ పెన్సిల్‌తో అంతా కొట్టేసి ఒక్క లైను మిగిల్చింది." బాబాయ్ మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు. "నాకు పేజీల సంగతి తెలీదమ్మా. మనుషుల్ని చూస్తా. పెద్దాయన పిల్లలు గడువు రోజున పడుతూ లేస్తూ వస్తారు. మేడమ్ పిల్లలు వారం ముందే వస్తారు. తల దువ్వుకుని వస్తారు."

అక్కకు మేడమ్ శిష్యుల చిత్తుప్రతులు గుర్తొచ్చాయి. ప్రతి పేజీ అంచునా సన్నటి పెన్సిల్ రాత. "ఈ పేరా నిలబడదు. గురువారం రా, కూర్చుని చూద్దాం." వందసార్లు ఆ రాత పక్కనుంచే టైపు చేసుకుంటూ పోయింది. ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు.

అర్జీ రాసేవాడు తన అర్జీ తనే చదివి, జడ్జిగారి కన్నా ముందు తనే కరిగిపోయాడట. థీసిసులో ఒక అధ్యాయానికి సరిపడా సరుకు చేతికొచ్చిందని అక్క తనను తానే దెప్పుకుంది.

నాలుగున్నర అయింది. రెండు పేజీలూ చెరిపేసి, "సీటు ఒప్పుకుంటున్నాను" అని మేడమ్ పేరిట ఒక్క లైను కొట్టింది. పెద్దాయనకు రాలేనని రాసిన ఉత్తరం మాత్రం పేజీన్నర వచ్చింది. ఎంత అణుచుకున్నా చివర్లో సముద్రం దొర్లింది.

కాగితం పట్టుకుని రోడ్డు దాటింది. మేడమ్ ఆ ఒక్క లైనూ చదివి తలెత్తింది.

"మీ షాపులో రాసే కృతజ్ఞతల పేజీలు చదివాను. బాగుంటాయి. ఒక్క ముక్కా నమ్మను."

"నేను నమ్మానండీ," అంది అక్క.

మేడమ్ నవ్వలేదు గానీ పెన్సిల్ కింద పెట్టింది. "కూర్చోండి. ఆ కుర్చీ మీది కాగితాలు కిందపెట్టి, మీరే లాక్కోండి."

అక్క లాక్కుంది. ఒక కాలు పొట్టిది, ఊగుతోంది.

"ఆ అర్జీలు రాసిపెట్టినవాళ్ళు వాటిమీద తమ పేరు పెట్టుకునేవారా?"

పద్దెనిమిదేళ్ళలో అక్కను "ఎప్పటికవుతుంది" అని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. నోరు తెరిచింది. ఎంత వెతికినా అల్లడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

"తెలీదు మేడమ్."

"మంచిది. తెలుసుకుని గురువారం రండి."

మెట్లు దిగుతూ, ఐదు గంటలు కొట్టడం విని, ఎందుకో తల తడుముకుంది అక్క. పొద్దున్నుంచీ దువ్వుకోనేలేదు.