అత్తగారు కోరిన వెచ్చని నీళ్ళు

ఈ జులైలో ఒక ఆదివారం మా అమ్మాయి పిల్లల్ని తీసుకుని సముద్రానికి వెళ్ళి, అక్కణ్ణుంచే ఫోను చేసి, "మమ్, వాటర్ ఈజ్ సో వార్మ్! జులైలా లేనే లేదు, నువ్వు కూడా రావాల్సింది" అని సంబరపడింది. జులై అంటే చలికాలమైన ఈ పెర్త్‌లో పిల్లలు హాయిగా ఈదుతున్నారంటే నేనూ సంబరపడాల్సిందే కానీ, ఫోను పెట్టేశాక దిగులుగా వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఆ వెచ్చదనం కోసం ఒకప్పుడు నేనెంత దూరం వెళ్ళానో మా పిల్లలకి తెలియదు. రాసిపెడితే వాళ్ళు తెలుగు చదవలేరు. అయినా తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే ఇది మా అత్తగారి సంగతి, ఆవిడకి ఇంగ్లీషు రాదు.

మావారి ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చేనాటికి నా చదువు ఇంటర్మీడియెట్. ఊరి శివార్లలో హారిస్‌డేల్‌లో ఇల్లు కొనుక్కున్నాక, పగటిపూట తోచక బస్సెక్కి లైబ్రరీకి పోయి, నిఘంటువు పక్కన పెట్టుకుని, పక్షుల పుస్తకాలూ రాళ్ళ పుస్తకాలూ అయ్యాక సముద్రాల దగ్గర ఆగిపోయాను. ఈ తీరం ముందు సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఇంటి అరుగులా పరుచుకుని, చివర ఒక్కసారిగా అగాధంలోకి దిగిపోతుందని, చలికాలంలో ఆ అరుగు అంచు వెంబడి ఉత్తరాది ఉష్ణమండలం నుంచి లూవిన్ అనే వేడి ప్రవాహం దక్షిణానికి సాగుతుందని, ఒడ్డు నీళ్ళు గడ్డకట్టించేస్తున్నా అక్కడ మాత్రం వెచ్చగా ఉంటుందని ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే చదివి తెలుసుకున్న గర్వం నాకిప్పటికీ పోలేదు. నా పిచ్చి గమనించి లైబ్రరీలో పనిచేసే హెలెన్ నన్ను గ్రాహమ్, జూడీ అనే దంపతులకి పరిచయం చేసింది. రిటైరయ్యాక సొంత పడవలో తిరుగుతూ నీటి వేడి కొలవడం వాళ్ళ సరదా. నన్నూ వెంట తీసుకెళ్ళేవాళ్ళు. రాట్‌నెస్ట్ దీవి దాటాక తాడు కట్టిన బకెట్టు దించి, నీళ్ళు పైకి లాగి థర్మామీటరు ముంచడం నా పని. అరుగు అంచు దగ్గరపడుతుంటే థర్మామీటరు కంటే ముందు చెయ్యే చెప్పేసేది.

మా అత్తగారిది కాకినాడ, ఇక్కడికి వచ్చి మా దగ్గరే ఉండేవారు. ఇక్కడి చలికి శాలువా మీద శాలువా కప్పుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఇంట్లో గీజరు చాలక మా కోడలు సముద్రంలో వేణ్ణీళ్ళు వెతుక్కుంటోంది" అని ఫోనులో ఊరందరికీ చెప్పి నవ్వేవారు. కానీ నేను రాగానే నీళ్ళెలా ఉన్నాయని మొదట అడిగేదీ ఆవిడే. ఆ నీళ్ళు మన దేశపు నీళ్ళు కావనీ, మన వైపుకి పోవనీ నేను చెప్పినప్పుడు చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టి, "పోనీలే అమ్మాయ్, వెచ్చగా ఉంటాయన్నావుగా. నేను పోతే ఆ నీళ్ళలో కలిపించు. ఒడ్డున చన్నీళ్ళలో మాత్రం వదిలెయ్యకండి" అన్నారు. నేను నవ్వేశాను, ఆవిడ నవ్వలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక చలికాలంలోనే ఆవిడ పోయారు. రాజమండ్రి నుంచి మా బావగారు ఫోనులో, "అమ్మని గోదాట్లో కలపకుండా ఏదో పరాయి సముద్రంలో పారేస్తారట్రా?" అని తమ్ముణ్ణి నిలదీశారు. మావారేమో సెలవు లేదు, ఇక్కడే ఒడ్డున కానిచ్చేద్దామన్నారు. అన్నదమ్ముల మధ్య ఎప్పుడూ నోరెత్తని నేను ఆవిడ మాటని ఇద్దరికీ చెప్పి పట్టుబట్టాను. చాలాసేపటికి బావగారు, "అమ్మే అడిగిందంటే సరే" అని ఫోను పెట్టేశారు.

అయితే ఆ ప్రవాహం ఏటా ఒకేలా ఉండదు. పసిఫిక్ మీద గాలులు బలహీనపడ్డ ఏడు ఇక్కడ అది సన్నబడిపోతుందని నేను చదివిందే, సరిగ్గా అలాంటి ఏడే వచ్చిపడింది. గ్రాహమ్ పడవలో అస్థికల కలశం ఒళ్ళో పెట్టుకుని మావారు కూర్చుంటే, నేను బకెట్టు మీద బకెట్టు లాగాను. అన్నీ చల్లగానే ఉన్నాయి. ఇంకా పడమటికి పోదామన్నాను. పోయాం, అక్కడా అంతే. దూరాన మబ్బు నల్లబడుతుంటే గ్రాహమ్, ఇక్కడి పెద్దవాళ్ళు ఎవర్నైనా ఆప్యాయంగా పిలిచే తీరున, మెల్లిగా, "సారీ లవ్, వెనక్కి తిరగాలి" అన్నాడు. పుస్తకాలన్నీ చదివి ఆవిడకి ఆశ పెట్టింది నేను, ఆ నీళ్ళు ఇక్కడ ఉంటాయని చెప్పిందీ నేనే. ఇంకొక్క బకెట్టు లాగాను. మావారు కలశం జూడీకిచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిదాకా ఆ నీళ్ళలో ముంచి, నా ముఖంలోకి చూసి, "వెచ్చగానే ఉన్నాయి. ఇక్కడే" అన్నారు. థర్మామీటరు నా చేతిలోనే ఉంది. నేను సంఖ్య చదవలేదు.

ఇప్పుడు ఆ నీళ్ళని వెతుక్కుంటూ ఎవరూ పోనక్కరలేదు, ఒడ్డుకే వచ్చేస్తున్నాయి. ఉత్తరాన నీటి వేడికి పగడపు దిబ్బలు తెల్లబడి చచ్చిపోతున్నాయని, రాళ్ళని పట్టుకుని పెరిగే పెద్ద నాచు మొక్కలు కొన్ని చోట్ల మళ్ళీ మొలవనే లేదని చదువుతున్నాను. అత్తగారికి ఇక చలి వెయ్యదు కదా అని ఒక్క క్షణం అనిపిస్తుంది, మరుక్షణం అలా అనుకున్నందుకు భయం వేస్తుంది. అప్పట్లో చదివిన కొద్దీ సంతోషంగా ఉండేది. ఇప్పుడూ చదవడం మానలేదు.

ఆ రోజుల్లో నాకు తోడున్న హెలెన్‌కి, గ్రాహమ్‌కి, జూడీకి, తన పట్టు వదులుకున్న మా సత్యం బావగారికి కృతజ్ఞతలు. మావారి పేరు రాసే అలవాటు నాకు లేదు. ఆ చన్నీళ్ళలో చెయ్యి పెట్టి, వెచ్చగా ఉన్నాయన్నందుకు ఆయనకి కూడా.