మునెమ్మ చేతిలో పెట్టిన బోర్డు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, నాలుగు మాటలు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. విని ఓదార్చకండి, ఒళ్లు మండుతుంది.

అప్పట్లో పులికాట్ ఒడ్డున ఉన్న ఊళ్లలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉండేవాణ్ని. విదేశాల నుంచి వచ్చే ఉత్తరాలను తెలుగు చేయడం, దొరలు వస్తే పక్కన నిలబడి వాళ్ల మాట వీళ్లకూ వీళ్ల మాట వాళ్లకూ చెప్పడం నా పని. సరస్సులో మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లకు పడవలు ఇమ్మని ఒకసారి సాయం వచ్చింది. ఏ పడవ ఎవరిదో ఊరివాళ్ల భాషలో రాసి, ఊరి నడుమ బోర్డు పెట్టాలని ఆ ఉత్తరంలో ఉంది. నేను తెలుగు చేసి ఇచ్చాను. మా సెక్రటరీ దాన్ని సొరుగులో పడేసి, బోర్డులు ఇంగ్లీషులో రాయించాడు. చూసేది దొరలే గదప్పా, ఊరోళ్లకెందుకు అన్నాడు. నేను తలూపాను. ఎందుకు ఊపాను? ఉద్యోగం పోతుందని. అంతకుమించి కారణం లేదు.

ఒక పడవ మునెమ్మ పేరున వచ్చింది. గాలివానకు పడవ తిరగబడి ఆమె మొగుడు పోయాడు. అప్పటినుంచి వేరేవాళ్ల షెడ్డులో రొయ్యలు ఒలిచి బతుకుతోంది. సెక్రటరీ ఆ పడవను ఊరిపెద్ద అల్లుడికి కట్టబెట్టాడు. తన పేరున పడవ వచ్చిందన్న సంగతే మునెమ్మకు తెలియదు.

దొరలు వచ్చిన రోజు జీపులోంచి బోర్డులు దించాం. పడవ పక్కన మునెమ్మను నిలబెట్టి, చేతికి బోర్డు నేనే ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో ఏం రాసుండాది అబ్బయ్యా?"

"దొరలకు స్వాగతం అని రాసుండాదిక్కా."

"అట్లనా. అయితే నగుతా పట్టుకోవాల."

నవ్వుతూనే పట్టుకుంది. వచ్చిన దొరల్లో ఒకావిడ, పడవ ఎలా ఉందో మునెమ్మను అడగమంది. నేను మునెమ్మను అన్నం తిన్నావా అక్కా అని అడిగాను. తిన్నానని తలూపింది. పడవ చాలా బాగుందంటోంది అని ఆవిడకు చెప్పాను. ఇంత పాపిష్టి నోరు ఇంకెవరికైనా ఉంటుందా? వాళ్ల కార్లు కట్ట దాటగానే బోర్డులు మళ్లీ జీపెక్కాయి.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. సెక్రటరీని తిట్టుకున్నాను, ఊరిపెద్దను తిట్టుకున్నాను. అంత దూరం వచ్చి, ఏదమ్మా ఒకసారి పడవెక్కి చూపించు అని అడగని ఆ దొరలనూ తిట్టుకున్నాను. ఎంతమందిని తిట్టినా నా పిడికెడు నాకే మిగిలింది. వాళ్లందరి అబద్ధమూ ఆమె చెవిదాకా చేరింది నా నోటితోనే కదా.

మొన్న ఫోనులో ఏదో వెతుకుతుంటే ఆ సంస్థ పాత నివేదిక కనబడింది. అందులోని ఫొటోలో మునెమ్మ బోర్డు పట్టుకుని నవ్వుతోంది. సొంత పడవతో ఈమె బతుకు మారిపోయిందని కింద రాశారు. లోకంలో ఎవరైనా దాన్ని తెరిచి చదువుకోవచ్చు. ఆమెకు తప్ప అందరికీ తెలిసే ఏర్పాటు! ఫోను విసిరికొట్టాలనిపించింది.

మరునాడే ఆ ఊరు వెళ్లాను. ఆమె ఇంకా ఆ షెడ్డులోనే ఉంది. రొయ్యల నీళ్లలో నాని వేళ్లు పాసిపోయాయి. నన్ను గుర్తుపట్టి, బాగుండావా అబ్బయ్యా అని చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను. సిగ్గులేకుండా తాగి, నోరు విప్పకుండానే తిరుపతి బస్సెక్కేశాను.

ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. తేలికైనందుకు నా మీద నాకే కోపంగా ఉంది. ఆ బోర్డులో స్వాగతం అన్న మాటే లేదు. ఆ రోజు నేను తెలుగులో చెప్పాల్సింది ఇది: మునెమ్మక్కా, నీ పక్కనుండే ఈ పడవ నీదే.