తారీఖు పడిందా?

గని ఆఫీసులో మా హెడ్ క్లర్కుని అందరం బడేబాబు అనేవాళ్లం. రోజూ సాయంత్రం డేటాబేసులోని పట్టికలన్నీ నాచేత టెక్స్ట్ ఫైళ్లుగా తీయించి, ప్రతి ఫైలు పేరులో ఆ రోజు తారీఖు పెట్టించి, సీడీలో దాయించేవాడు. నా వెనక నిలబడి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒకటే మాట అడిగేవాడు. "తారీఖు పడిందా?" పడిందంటే చాలు, టిఫిన్ డబ్బా సర్దుకునేవాడు. ఓసారి నేను ఫైలు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "తెరవకు! తెరిస్తే తారీఖు మారిపోతుంది."

ఒక వానాకాలం పిడుగు పడి కంప్యూటర్ మాడిపోయింది. గని రోడ్డు కింద పొలం పోయి, బదులుగా నౌకరీ రావాల్సిన రైతుల పట్టిక కూడా దాంతోనే పోయింది. బడేబాబు మాత్రం బెదరలేదు. ఫైళ్లన్నీ సీడీల్లో ఉన్నాయి కదా!

ఎర్రబోరు నుంచి ఒక రైతు బస్సెక్కి వచ్చాడు. "నా పేరున్నదా సారూ?"

అతని పేరు ఎక్కించిన నాటి ఫైలు తీసి, మొదటిసారి తెరిచాం. పైన 'పేరు, ఊరు, పోయిన పొలం' అని ఉంది. కింద ఒక్క అక్షరం లేదు. మిగతా ఫైళ్లూ అంతే. అన్నీ నేను తీసినవే.

"ఏంది సారూ, ఏం లేదా?"

"తారీఖైతే ఉంది," అని బడేబాబు దాన్ని గట్టిగా చదివి వినిపించాడు.

"ఆ దినం నాకు యాదికున్నది సారూ. నా చేన్ల మిషను దిగింది ఆ దినమే."

బడేబాబు మొహం వెలిగిపోయింది. నావైపు తిరిగి అన్నాడు. "చూశావా? తారీఖు కరెక్టే!"