సగం గిన్నె అతర్‌సూరి

అతర్‌సూరి చేతిలో పడ్డ ఏ గిన్నె అయినా నోటిదాకా నిండుగా వెళ్లిన పాపాన పోలేదు. నీళ్లయినా, బార్లీ కల్లయినా, జ్వరానికి వైద్యుడిచ్చిన కషాయమైనా సగం నేల తాగాల్సిందే. పోయినవాళ్లకు దాహం వేస్తుందని ఆయన బాధ. అసూరు దేశంలో అందరూ నెలకోసారి, చంద్రుడు కనిపించని రోజున, నేలలో పాతిన మట్టిగొట్టంలో నీళ్లు పోసి తమ పెద్దల్ని పేరుపెట్టి పిలుస్తారు. ఆయన ఊరందరి పెద్దలనూ రోజూ పిలిచేవాడు.

భార్య బనీతుది కల్లు దుకాణం.

"మీ తాత పేరేంటి నాయనా?" అని అడిగేవాడు కొత్తగా వచ్చినవాణ్ణి.

"ఎందుకు?"

"చెప్పు, పాపం. గొంతెండిపోయి ఉంటాడు."

పేరు పూర్తయ్యేలోగా వాడి గిన్నెలో సగం నేలపాలయ్యేది. తెలిసినవాళ్లు గిన్నెను పొట్టకు హత్తుకుని గోడవైపు తిరిగి తాగేవారు. ఒక గాడిదలవాడు తెలివిగా, "నాకు తాతే లేడు" అన్నాడు. "అయ్యో, పేరు కూడా మిగల్లేదా" అని అతర్‌సూరి గిన్నె మొత్తం వంపేశాడు.

"నా దుకాణంలో బతికున్నవాళ్లకన్నా చచ్చినవాళ్లే ఎక్కువ తాగుతున్నారు" అనేది బనీతు.

"వాళ్లు తాగి గొడవ చెయ్యరుగా" అనేవాడు.

ఆ ఊరు పెద్దరాజు కట్టించింది. దేశదేశాల జనాన్ని పెళ్లగించి తెచ్చి ఇటుకలు మోయించాడు. అతర్‌సూరీ అలా వచ్చినవాడే. ఆయన తండ్రి సమాధి పడమటి దేశంలో ఉండిపోయింది. కొత్త కోటలో సున్నం వాసనైనా పోకముందే రాజు కొండల్లోకి యుద్ధానికి వెళ్లి చనిపోయాడు. శవం దొరకలేదు. కొడుకు ఆ ఊరి ముఖం చూడకుండా రాజధానిని నీనెవెకు మార్చేశాడు. పెద్దరాజు పేరు పలికితే వస్తాడని అందరూ నోరు కట్టుకున్నారు.

పలకకపోయినా వస్తూనే ఉన్నాడు. పొద్దు వాలితే ఖాళీ కోటలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకునేవి. ద్వారం దగ్గర రెక్కల రాతి ఎద్దుల వైపు కుక్కలు పోయేవి కావు. ఎండాకాలంలో కూడా అక్కడ కొండమంచు చలి.

ఒకరోజు దన్నాయ అనే అధికారి వచ్చాడు. "రేపే నీనెవెకి ఆఖరి బండ్లు. ఉండిపోయినవాళ్లకి గింజలు రావు. బావులు కూడా పూడ్చేస్తాం."

బనీతు జాడీలు సర్దింది. అతర్‌సూరి కదల్లేదు.

"నువ్వెళ్లు. నేను రాను."

"ఇక్కడుండి ఏం తింటావయ్యా, ఇటుకలా?"

కూజా పట్టుకుని బయల్దేరాడు. బనీతు వెనకే నడిచింది. మునిమాపు వెలుతురులో ఆయన రాతి ఎద్దు కాళ్ల వెనక కూర్చున్నాడు. అక్కడ నేలలో మట్టిగొట్టం. తండ్రి పేరు పిలిచి కొంచెం పోశాడు. తర్వాత ఎవరూ పలకని ఆ పేరు మెల్లగా పలికి మిగతాదంతా పోశాడు.

గొట్టం లోపల ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు. కూజా ఖాళీ అయ్యాక కూడా ఆగలేదు.

బనీతు ఒకడుగు వెనక్కి వేసింది. "నిన్ను మీ ఊరి నుంచి ఈడ్చుకొచ్చినవాడికా పోస్తున్నావు?"

"కొడుకు పొయ్యడు. ఊరు పొయ్యదు. నేనూ వెళ్లిపోతే ఎలాగే?"

"మీ నాన్న పడమటి నుంచి ఇక్కడిదాకా వచ్చి తాగుతున్నాడు కదా. ఈయనా నీనెవెకి వస్తాడు."

"నాన్నకి నడక అలవాటు. ఈయన రథం దిగితేగా. దారెట్లా తెలుస్తుంది?"

బనీతు తలమీద కొంగు సర్దుకుని ద్వారంలోని చీకటివైపు తిరిగింది.

"అయ్యా, మహారాజా. పొద్దున్నే మా బండి పోతుంది. జాడీల పక్కన చోటుంది, వచ్చి కూర్చోండి. జాడీలు మాత్రం ముట్టుకోకండి."

గుటకలు ఆగిపోయాయి.

తెల్లవారి బండి కదలనంది. గాడిద కళ్లు తేలేసింది. చక్రాలు సగానికి నేలలో దిగబడ్డాయి.

"ఏం ఎక్కించావమ్మా, రాతి ఎద్దునా?" అన్నాడు దన్నాయ.

"మా ఇంటికొస్తున్న పెద్దాయన్ని" అంది బనీతు, ఖాళీ చోటువైపు చూసి శాలువా కప్పుకుంటూ. అక్కణ్ణుంచి మంచుగాలి కొడుతోంది.

నలుగురూ తోస్తేగానీ బండి కదల్లేదు. మధ్యాహ్నం ఏటి ఒడ్డున ఆపి జాడీలు చూసుకుంది. మూతల మీద మట్టిముద్రలు చెక్కుచెదరలేదు. ఒక జాడీ మాత్రం తేలిగ్గా ఉంది. ముద్ర పగలగొట్టి లోపలికి చూసింది.

"చెప్పినా వినలేదు చూడు. సగం తాగేశాడు."

అతర్‌సూరి తొంగిచూశాడు. ముఖం వికసించింది.

"సగం మనకి ఉంచాడే" అన్నాడు. "నేర్చుకున్నాడు పాపం."