కుడిది పనికిరాదు

చొక్కాలు కుట్టే ఆ కంపెనీలో ఆయన్ని అందరూ కాజాల మాస్టారనే పిలుస్తారు. బొత్తాం దూరే కాజాలు కుట్టే మిషను మీద ఇరవై రెండేళ్లుగా ఆయనదే చేయి. పనికొచ్చే కాలు మాత్రం ఒక్కటే. కుడికాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. పెడలేమో కుడివైపు. నడుం మెలిపెట్టి, ఎడమకాలు అడ్డంగా చాపి తొక్కేవాడు. సాయంత్రానికి వెన్ను కర్రయ్యేది. ఎవరికీ చెప్పలేదు. నొప్పి అన్నవాడికి ముందు రెండ్రోజులు సెలవిస్తారు, తర్వాత శాశ్వతంగా ఇస్తారని ఆయన సిద్ధాంతం.

ఒక సోమవారం కంపెనీ ఆరోగ్య విభాగం నర్సమ్మ అట్టా, టేపూ పట్టుకుని వచ్చి పక్కనే కూర్చుంది.

"మీ పని మీరు చేసుకోండి మాస్టారూ. నేను లేననుకోండి."

పిల్లి ఎదురుగా కూర్చుని అలా అంటే ఎలుక నమ్ముతుందా?

"నడుం నొప్పి ఉందా?"

"రాయిలా ఉన్నానమ్మా."

"మరి లేచేటప్పుడు మిషను పట్టుకుంటున్నారే?"

"దాని మీద ప్రేమ."

ఆవిడ అట్ట అక్కడే పెట్టి మంచినీళ్లకు వెళ్లగానే ఇస్త్రీ బల్ల దగ్గరి మనిషి గొంతు తగ్గించాడు. "బావా, కొలతలు తీస్తోంది కొత్త చొక్కాకి కాదు. సాగనంపడానికే."

మాస్టారు మెడ సాచి అట్ట మీది కాగితం చదివాడు. "కుడిది పనికిరాదు. తీసెయ్యాలి."

మన భాషకో సుగుణం ఉంది. ఎవరిని, దేనిని అని చెప్పకుండానే వాక్యం దర్జాగా నడిచిపోతుంది. వ్యాకరణంలో దాన్ని కర్మ అంటారు. కాగితం మీద కర్మ కనబడకపోతే చదివేవాడి కర్మే వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. మాస్టారికీ అదే జరిగింది. కుడికాలు పనికిరాదు, మనిషిని తీసెయ్యాలి.

ఇంట్లో చెబితే భార్య కంచం పెడుతూ, "ఇన్నేళ్లూ కనబడని కాలు ఇవాళే కనబడిందా? అడగకపోయారూ?" అంది.

"అడిగితే ఉన్నదీ ఊడుతుంది."

"అడక్కపోతే నిలుస్తుందా?"

మర్నాడు నర్సమ్మ సంతకం కోసం కాగితం తెచ్చింది. మాస్టారు చేతులు కట్టుకున్నాడు.

"కాలు పనికిరాదని నాకూ తెలుసు. దానికి మనిషిని తీసెయ్యాలా?"

"మనిషినా?" ఆవిడ వంగి మిషను కింద చూపించింది. "పెడలండీ! ఎడమవైపు పెట్టిస్తాం. వీపు ఆనే కుర్చీ ఇప్పిస్తాం. గంటకోసారి ఐదు నిమిషాలు లేవాలి మీరు."

"లేవమని గంటగంటకీ ఎవరు గుర్తుచేస్తారు?"

"మీ నడుమే."

"నొప్పని రాస్తే మేనేజరు ఊరుకుంటాడా?"

"నొప్పి సంగతి మా దగ్గరే ఉంటుంది. ఆయనకు వెళ్లేది ఏం మార్చాలన్నదే."

అంత తియ్యగా చెబుతోందంటే అడుగున ఏదో ఉండాలి. "అయితే 'కుడి పెడలు' అని రాయండి. రెండో వాక్యంలో 'పెడల్ని తీసెయ్యాలి' అని."

ఆవిడ నవ్వుతూ రాసింది. ఆయన రెండుసార్లు చదివి, మధ్యలో ఇంకో ముక్క ఇరికించే చోటు లేకుండా అక్షరాలకు ఆనించి సంతకం పెట్టాడు. తర్వాత ఇస్త్రీ బల్ల వైపు ఓసారి చూసి గొణిగాడు.

"నడుం కొంచెం నొప్పేనమ్మా."

ఆవిడ కొత్త కాగితం తీసింది.

"అది కూడా ఎవరి నడుమో సరిగ్గా రాయండి."