ఊగే నేల మీదే మిషను

మొన్న శుక్రవారం పొద్దున ఆదోని నుంచి హెడ్మాస్టరు ఫోన్ చేసి, బడి ఆయమ్మ పోయిందని చెప్పారు. నేను ఎమ్మిగనూరు బస్టాండులో ఉన్నాను. వెళ్లాల్సిన పని మానుకుని ఆదోని బస్సెక్కాను.

భూకంపం వస్తే ఊళ్లో ఏ చోటు ఎంత ఊగిందో రాసుకునే మిషన్లుంటాయి. వాటికి చోట్లు వెతకడం నా ఉద్యోగం. కొన్నేళ్ల కిందట ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుల వెనకున్న బడిలో ఓ ఖాళీ గది చూసి, పనికిరాదని రాసేశాను. మిల్లులో పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు ఆడితే ఆ గది నేల అదిరేది. ఊరవతల కొండ మీద ఓ బంగళా ఉంది. కింద గట్టి బండ, చుట్టూ చప్పుడు లేదు. అదే ఖాయమన్నాను. చదువుకున్నదాన్ని కదా, నిశ్శబ్దం దొరికితే చాలనుకున్నాను.

గది ఊడుస్తూ ఇదంతా విన్న ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, నా రెక్క పట్టుకుని వెనక సందులోకి తీసుకెళ్లింది. నల్లరేగడి మీద కట్టిన ఇళ్లవి. ఏ గోడ చూసినా పగులే. ఎండలకు నేల నోరు తెరిచినప్పుడల్లా గోడలూ తెరుస్తాయట. తన ఇంటి పగులులో నా వేళ్లు పెట్టించింది.

"బండ మీది బంగళాకు ఏమైతాది పాపా? పడితే మా గోడలు పడతాయి. ఊగేది ఈడైతే మిషను ఆడ పెడతావా?"

మెత్తటి నేల ఎక్కువ ఊగుతుందని నేను చదివిందే. చదివింది గుర్తు చేయడానికి ఆయమ్మ కావలసి వచ్చింది. మిల్లు అదురును లెక్కలోంచి తీసేయగలం, జనాన్ని తీసేయలేం అని పై ఆఫీసరుకు రాశాను. ఆయనకు కోపం వచ్చింది. రానీ. చివరికి కొండ మీద ఒకటి, బడిలో ఒకటి పెట్టాం.

ఆ గది తాళంచెవి ఆమె కొంగు ముడిలోనే ఉండేది. చెప్పులతో ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు, నన్ను కూడా. ఒకసారి రంగు డబ్బాలు దాచుకుంటానని కాంట్రాక్టరు వస్తే, గడపకు అడ్డంగా కూర్చుని సద్ది విప్పింది. ఈ గది నేలకిచ్చినాము, ఇంగోచోట సూసుకో అందట. ఆమె తినడం అయ్యేలోగా అతను వెళ్లిపోయాడు.

ఇక్కడ భూకంపం వస్తుందనే అనుకుంటున్నావా అని ఆమెను ఒకసారి అడిగాను.

"వస్తాదో రాదో నాకేమెరుక? వస్తే మాత్రం, ఈడ మేముండామని రాసుండాల."

ఆమెను మట్టి చేసి వస్తుంటే ఆఫీసు నుంచి ఫోను. ఇక గది చూసుకునే మనిషి లేదు కదా, బడిలోది తీసేస్తే పోతుందన్నారు. తీయనన్నాను. కావాలంటే రాతలో అడగండి, రాతలోనే కాదంటాను అని చెప్పాను. నాకేం భయం లేదు, ఏడుపు మాత్రం ఆగలేదు. ఆమె కూతురు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

వెళ్లేముందు ఆమె ఇంటి గోడ చూశాను. పగులు మొన్ననే పూడ్చినట్టుంది, మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. పైనుంచి కింది దాకా ఆమె నాలుగు వేళ్ల గీతలున్నాయి. అవతల మిల్లులో ప్రెస్సు ఆడుతోంది, గోడ మీద పెట్టిన నా అరచేతికి ఆ అదురు తెలుస్తోంది.